బుద్ధికి కొలబద్ద

బాలలారా! లెక్క తప్పిన బాలుని లోకము మందమతి యనును. నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డలో శిల్పి గండశిలను చూచి, కానున్న విగ్రహమును మనసున కొలుచుకొని ఉలి పట్టును. అది బుద్ధి కాదా?

సర్వకార్యములకు మూలమైన సామాన్యశక్తి ఒకటి కలదని 1904లో స్పియర్‌మన్ చెప్పెను. బుద్ధులు పలువిధములని 1983లో గార్డ్‌నర్ వాదించెను. ఈ వాదము నేటికిని తెగలేదు.

అయినను ఒక్క మాట మరువరాదు. 1905లో ఫ్రాన్సు దేశమున బినే, సిమోన్ అను పండితులు బుద్ధిపరీక్షను కూర్చినది, చదువున వెనుకబడిన పిల్లలను గుర్తించి వారికి తగిన బోధ సమకూర్చుటకే. వైద్యుడు నాడి చూచుట చికిత్స కొరకే కదా! కావున మార్కులు తక్కువైన తోటివానిని చూచి నవ్వకుడు. వానికి తెలియని పాఠమును తెలియజెప్పుడు.