ఆకుపచ్చ టిక్కు తెర వెనుక

ప్రొడక్ట్ డిజైన్ ఇంటర్న్‌షిప్ అంటే ఫిగ్మా అనే డిజైన్ పరికరంలో చేయి తిరగడం, కొన్ని అందమైన తెరలను పోర్ట్‌ఫోలియోలో, అంటే పని నమూనాల సంపుటిలో, చేర్చుకోవడం అన్న అభిప్రాయం ఇంజనీరింగ్ కళాశాలల్లోనూ శిక్షణ కేంద్రాల్లోనూ పాతుకుపోయింది. ఈ అభిప్రాయం తప్పు. పైగా విద్యార్థికి హానికరం.

పరికరాల సంగతికొస్తే, ఫోటోషాప్‌ను 2010లో వచ్చిన స్కెచ్, స్కెచ్‌ను 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఫిగ్మా ఈ రంగంలో వెనక్కి నెట్టాయి. వాటితోపాటే మారిపోయే నేర్పును చదువు అనలేం.

అసలు చదువు ఎక్కడుందో యూపీఐ చెల్లింపును చూస్తే తెలుస్తుంది. 2016లో మొదలైన ఈ పద్ధతిలో పంపేవారి బ్యాంకు, అందుకునేవారి బ్యాంకు, నడుమ యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ వ్యవస్థ పాలుపంచుకుంటాయి కనుక, ఖాతాలో డబ్బు తగ్గినా అవతలివారికి చేరిందో లేదో వెంటనే తేలని స్థితి ఒక్కోసారి ఏర్పడుతుంది. పోర్ట్‌ఫోలియోలో మెరిసేది ఆకుపచ్చ టిక్కుతో విజయాన్ని చాటే తెర; కిరాణా కొట్టు ముందు నిలబడిన మనిషికి కావలసింది మాత్రం, మళ్లీ పంపాలా, ఆగాలా, పోయిన డబ్బు ఎప్పటికి తిరిగి వస్తుంది అన్న ప్రశ్నలకు సూటిగా బదులిచ్చే తెర. ఆ బదులు ఏ డిజైన్ పరికరంలోనూ దొరకదు. సర్వర్ ఏ దశలో ఏ సమాచారం పంపుతుందో తెలిసిన ఇంజనీరు దగ్గర, రోజూ ఫిర్యాదులు వినే కస్టమర్ సపోర్ట్ ఉద్యోగి దగ్గర దొరుకుతుంది. వారిని అడిగి, విని, వారు చెప్పిన పరిమితులకు లోబడి తెరను మళ్లీ మళ్లీ దిద్దడమే ఇంటర్న్ నేర్వవలసిన విద్య. ఆంగ్ల అక్షరాల కొలతకు ఎత్తు బిగించిన బటన్‌లో తెలుగు వాక్యం పెడితే పైన గుడులు, కింద వత్తులు తెగిపోతాయన్న సంగతి కూడా నమూనా తెరల్లో బయటపడదు, అసలు పాఠాన్ని అసలు ఫోనులో చూసినప్పుడే బయటపడుతుంది.

ఉద్యోగమిచ్చేవారు ముందుగా చూసేది పోర్ట్‌ఫోలియోనే కదా అన్న వాదనలో నిజం లేకపోలేదు. అయితే పని తెలిసిన పరీక్షకుడు తెరను చూసి ఊరుకోడు. దాన్ని అలాగే ఎందుకు చేశారని, ఏ ప్రత్యామ్నాయాన్ని ఏ కారణంతో వదిలేశారని అడుగుతాడు, అలంకరణ మాత్రమే నేర్చిన అభ్యర్థి అక్కడే తడబడతాడు.

నేర్పు ఇలా అలంకరణకే పరిమితం కావడంలో విద్యార్థి కంటే కంపెనీల బాధ్యతే ఎక్కువ. ఎన్నడూ విడుదల కాని ఊహాజనితమైన యాప్‌కు కొత్త రూపం గీయమని ఇంటర్న్‌ను ఒక మూల కూర్చోబెట్టి, వినియోగదారుల పరీక్షలకు గాని ఇంజనీర్ల చర్చలకు గాని పిలవకుండా నెలలు గడిపించి, చివరకు ధ్రువపత్రం చేతిలో పెట్టే సంస్థకు, ఆ వ్యవహారాన్ని శిక్షణ అని పిలిచే హక్కు లేదు.