విడుదల ఎవరికి?

కొంచెం పొడుగ్గా ఉంది, ఓపిగ్గా చదవండి.

మొన్న మన గుంపులో ఒకాయన రాసినాడు, అక్కచెల్లెళ్ళ దగ్గర విడుదల పత్రం రాయించుకోండి, ఊరికే ఫార్మాలిటీ అని. కింద అందరూ దండాల బొమ్మలు పెట్టినారు. నేను ఒప్పుకోను.

నేను చదివింది తమిళంలో, ఇంట్లో మాట తెలుగు, తాలూకు ఆఫీసు కాగితం కన్నడ. తమిళంలో దీన్ని విడుదలై పత్తిరం అంటారు, కన్నడంలో హక్కు బిడుగడె పత్ర. మూడు భాషల్లోనూ అదే మాయ. జైలు నుంచి విడుదల, సినిమా విడుదల, వింటే ఏదో మంచి జరిగినట్టుంటుంది. ఇక్కడ విడుదలయ్యేది అన్నదమ్ములు. ఆడబిడ్డకు పోయేది ఆమె పాలు. దీనికి "వదులుకున్న పత్రం" అని పేరుంటే ఎంతమంది వేలిముద్ర వేసుందురు?

ఫార్మాలిటీ అయితే సబ్ రిజిస్ట్రారు దగ్గరికి ఎందుకు? నూరు రూపాయలు, ఆ పైన విలువైన స్థిరాస్తిలో హక్కు పోగొట్టే పత్రం రిజిస్టరు కావాల్సిందేనని 1908 చట్టం 17వ సెక్షన్. అయినాక రద్దు కావాలంటే కోర్టుకు పోవాలి. అసలు సంగతి తెలిసిన నాటి నుంచి 3 ఏండ్లే గడువు.

లోపలి మాటలు చూడండి. "స్వఇచ్ఛతో, ఎవరి బలవంతమూ లేకుండా" అనేది ఆ తల్లి బస్సు దిగకముందే టైపు అయి ఉంటుంది. "ప్రతిఫలం ముట్టింది." ప్రతిఫలం అంటే బదులుగా ఇచ్చే సొమ్ము. ముట్టింది ఒక చీర, ఒక పూట భోజనం. రైల్వేలో పార్సెలు తీసుకునేవాడు కూడా మూట చూసుకోకుండా పుస్తకంలో సంతకం పెట్టడు.

పెండ్లికి ఖర్చు పెట్టినాం కదా అంటారు. పెండ్లి ఖర్చు పాలు కాదు. పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు అని 2005 సవరణ. ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగాలు వేరే సంగతి. పహణిలో నా పేరుంది అంటారా, పహణి హక్కు పత్రం కాదు. తప్పని రుజువయ్యేదాకా నిజమని అనుకునే లెక్క, అంతే.

వానల్లేక శెనక్కాయ ఎండిన రోజుల్లో ఈ పత్రాలు ఎవరికి గుర్తొచ్చినాయి? తిరుమణి, వళ్ళూరు దిక్కు సోలార్ పార్కుకు 5 ఊర్లలో సుమారు 13,000 ఎకరాలు గుత్తకు పోయినాయి. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలు. అప్పటి నుంచి అక్క సంతకం అందరికీ అర్జంటు. (గుత్త, గుత్తిగె, కుత్తగై. ఈ మాట మాత్రం మూడు భాషల్లోనూ నిజమే చెప్తుంది: భూమి మనది, అనుభవం వాళ్ళది.)

అక్క నిజంగా ఇస్తానంటే ఇవ్వనీ, కాదనను. పత్రం నకలు వారం ముందు ఆమె చేతికియ్యండి. కన్నడం చదివి తెలుగులో చెప్పేవాళ్ళు ఒకరు, అన్నదమ్ముల మనిషి కానివాళ్ళు, ఆమె పక్కన కూర్చోవాలి. ఇచ్చిన సొమ్మెంతో అంకెల్లో రాయాలి.

వచ్చే మీటింగులో ఇది పెడతాను. ఫార్మాలిటీ అన్నాయన కూడా రావాలి, వాళ్ళ అక్కను పిలుచుకొని.