లెక్కలో లేని కంప్యూటర్

2025 జనవరిలో ఒక శనివారం రాత్రి పదిన్నరకి నా బీటెక్ రూమ్మేట్ వాళ్ళక్క ఫోన్ చేసింది. హలో కూడా లేదు. “ఒరే, ఆ మట్టి స్పెక్ట్రా ప్యాకేజీ రాసేవాళ్ళల్లో నువ్వూ ఉన్నావటగా? దాన్ని ఎవడు పాడు చేశాడ్రా?”

పాడు చేసింది నేనే. అప్పటికింకా నాకు తెలీదు.

ఆఫీసు పని అయ్యాక, ఖాళీ దొరికినప్పుడు, నేనూ ఇంకో ముగ్గురూ కలిసి ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్యాకేజీ చూసుకుంటాం. మట్టి నమూనా మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేస్తే తిరిగొచ్చే స్పెక్ట్రమ్‌ని చదివి, అందులో అక్కర్లేనిది తీసేసి, లెక్కకి పనికొచ్చేలా చేయడం దాని పని. జీతం లేదు. నెలకో వీడియో కాల్ ఉంటుంది, అంతే.

2024 అక్టోబర్‌లో పైథాన్ 3.8కి ఆయుష్షు తీరింది. అంటే సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఇక రావు. విండోస్ 7 మీద నడిచే ఆఖరి పైథాన్ అదే, 3.9 దానిమీద ఇన్‌స్టాల్ కాదు. కాబట్టి 3.8ని వదిలేస్తే విండోస్ 7నీ వదిలేసినట్టే. నవంబర్ కాల్‌లో డౌన్‌లోడ్ గ్రాఫ్ తెరిచాం. 3.8 గీత అడుగున పాకుతోంది. “ఇంకా ఎవరు వాడతారు బ్రో” అన్నాను. ఐదు నిమిషాల్లో తేలిపోయింది. పనిలో పనిగా పాత బేస్‌లైన్ పద్ధతి ఒకటి పీకేసి, కొత్తదాన్ని డిఫాల్ట్ చేశాం. కొత్తది నిజంగానే మెరుగైనది, ఇప్పటికీ ఆ మాటే అంటాను.

అక్క ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తోంది. ల్యాబ్‌లో స్పెక్ట్రోమీటర్‌కి కలిపిన కంప్యూటర్ విండోస్ 7ది. ఆ పరికరం డ్రైవర్ అంతకంటే కొత్త విండోస్‌లో పనిచేయదు. డ్రైవర్ కోసం పరికరాన్నే మార్చేంత డబ్బు ఏ ల్యాబ్‌లో ఉంటుంది? పాత విండోస్ కదా అని దానికి ఇంటర్నెట్ కూడా పీకేశారు. ఏం ఇన్‌స్టాల్ చేయాలన్నా పెన్‌డ్రైవే. అంటే మా గ్రాఫ్‌లో ఆ కంప్యూటర్ ఏనాడూ లేదు. పైగా ఆ గ్రాఫ్‌లో ఉన్నవాళ్ళంతా మనుషులనుకుంటే పొరపాటు. ఎక్కడో ఎవరో కోడ్‌లో ఒక కామా మార్చినా, టెస్టులు నడిపే ఆటోమేటిక్ మెషీన్లు అదే ప్యాకేజీని మళ్ళీ మళ్ళీ దించుకుంటూ ఉంటాయి. మేం చూసింది ఎక్కువగా వాటి గీత.

డిసెంబర్‌లో ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. కొత్త డిస్క్ వేసి, అన్నీ మళ్ళీ ఎక్కించారు. పైథాన్, నంపై పాత పెన్‌డ్రైవ్‌లో దొరికాయి. మాది మాత్రం అక్క కొత్తగా దించుకుంది.

“ఎర్రర్ ఏమొస్తోందక్కా?”

“‘టైప్’ ఆబ్జెక్ట్ ఈజ్ నాట్ సబ్‌స్క్రిప్టబుల్. ఏంట్రా ఇది, తిడుతోందా?”

3.9లో చెల్లే రాత 3.8కి అర్థం కాకపోతే వచ్చే ఎర్రర్ అది. నిజానికి అంతదాకా రాకూడదు. ‘నాకు కనీసం ఫలానా పైథాన్ కావాలి’ అని ప్యాకేజీలో ఒక లైన్ రాస్తే చాలు, పిప్ ముందే ఆపి కారణం చెప్తుంది. నెట్ ఉంటే సరిపోయే పాత వెర్షన్‌ని తనే వెతికి తెస్తుంది. ఆ ఒక్క లైన్ మార్చడం నేను మర్చిపోయాను.

“సరే, ఫైల్స్ నీ ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని చేసుకోవచ్చుగా?”

“చేశా. ఎర్రర్ రాలేదు. కానీ అంకెలు మారిపోయాయి.”

నా నిద్రమత్తు వదిలింది ఇక్కడ. పాత అంకెలతో మూడు చాప్టర్లు రాసేసింది. గైడ్ ఇంకో ఇరవై నమూనాలు కలపమన్నారు. పాతవాటికి ఒక బేస్‌లైన్, కొత్తవాటికి ఇంకోటి అయితే రెండిటినీ పక్కపక్కన పెట్టలేం. పోనీ మొత్తం కొత్త పద్ధతిలో చేద్దామంటే టేబుళ్ళు, గ్రాఫులు, వాటి మీద రాసిన మాటలు అన్నీ మారాలి. సబ్మిషన్‌కి ఆరు వారాలుంది. ఏ వెర్షన్ వాడావని అడిగితే, “రాసుకోవాలని ఎవరు చెప్పారు?” అంది. మేం చెప్పలేదు, నిజమే.

ఇక్కడ మా పక్షాన ఒక మాట. తేదీ విషయంలో మేం తొందరపడలేదు. నంపై లాంటి పెద్ద ప్రాజెక్టులకి ఒక రాతపూర్వక పద్ధతి ఉండేది: పైథాన్ వెర్షన్ ఏదైనా విడుదలైనప్పటి నుంచి 42 నెలలు మోసేవాళ్ళు, తర్వాత దించేయొచ్చు. 3.8 వచ్చింది 2019 అక్టోబర్‌లో. ఆ లెక్కన 2023 ఏప్రిల్‌కే దింపేయొచ్చు. మేం ఏడాదిన్నర ఎక్కువే మోశాం. అసలు ఇలాంటి తేదీలు పెట్టకపోతే ఏమవుతుందో పైథాన్ 2 చూపించింది. 2008లో పైథాన్ 3 వచ్చాక కూడా దాన్ని 2015 దాకా ఉంచుదామన్నారు, తర్వాత 2020కి జరిపారు. ఆ పదకొండేళ్ళూ లైబ్రరీలు రాసేవాళ్ళు ఒకే కోడ్‌ని రెండు భాషల్లో నడిపించడానికి కిందామీదా పడ్డారు.

మేం తప్పు చేసింది పద్ధతిలో. సైపైలో ఇంటర్‌ప్2డి అనే ఫంక్షన్ ఉండేది. 1.14 వెర్షన్‌లో తీసేశారు. కానీ పేరు అలాగే ఉంచారు. ఇప్పుడు దాన్ని పిలిస్తే ఎర్రర్ వస్తుంది, ఆ ఎర్రరే పాత కోడ్ ఉన్నవాళ్ళు ఏం వాడాలో చెప్తుంది. అదీ ఎలాంటిదంటే, పాత బగ్‌లతో సహా దాదాపు అదే జవాబిచ్చేది! మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. ఆ ఫోన్ తర్వాత నవ్వు రాలేదు. థీసిస్ మధ్యలో ఉన్నవాళ్ళకి కావాల్సింది అదే.

మేమూ పాత పద్ధతి పోతోందని రెండు రిలీజుల ముందే వార్నింగ్ పెట్టాం. అయితే పైథాన్‌లో ఆ రకం వార్నింగ్ మామూలుగా కనిపించదు, మీరు నేరుగా నడిపే ఫైల్‌లోంచి వస్తే తప్ప. అక్క వాడేది తన సీనియర్ రాసిపెట్టిన ఇంకో ఫైల్‌ని. అది లోపల మా ఫంక్షన్‌ని పిలుస్తుంది. మా వార్నింగ్ ఎవరికీ వినపడకుండా అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత డిఫాల్ట్ మారింది, అంకెలు మారాయి, ప్రోగ్రామ్ మాత్రం ఏమీ కానట్టు నడిచింది. ఎర్రర్ వచ్చిన విండోస్ 7 కంప్యూటరే నయం, కనీసం అరిచింది.

ఆదివారం పొద్దున్నే అక్క పాత ముడి ఫైల్స్ ఐదు, వాటి ఫలితాలూ మెయిల్ చేసింది. ఫలితాల తేదీలు చూస్తే మా రిలీజుల్లో రెండిటిలో ఏదో ఒకటి అయ్యుండాలి. పాత వెర్షన్లు పైపైలో అలాగే ఉన్నాయి, ఎవరూ చెరపలేదు. రెండిటితోనూ నడిపాను. మొదటిదానికి నాలుగో దశాంశంలో తేడా. రెండోదానికి ఐదు ఫైల్స్‌లోనూ చివరి అంకె దాకా సరిపోయింది. అదే ఫైల్ పంపించాను. సాయంత్రానికి ల్యాబ్‌కి పెన్‌డ్రైవ్ వెళ్ళింది. మార్చిలో సబ్మిట్ చేసింది, వెర్షన్ నంబర్‌తో సహా.

తర్వాతి కాల్‌లో మావాడొకడు విండోస్ 7ని తిరిగి తెద్దామన్నాడు. నేను వద్దన్నాను. మా టెస్టులు నడిచే ఉచిత క్లౌడ్ మెషీన్లలో విండోస్ 7 లేనే లేదు. టెస్ట్ చేయకుండా ‘పనిచేస్తుంది’ అని రాస్తే మళ్ళీ అంకెలతో ఆటే. అక్కకి కావాల్సింది కొత్త వెర్షన్ కాదు, కదలని పాత వెర్షన్. అందుకే 3.8కి పనిచేసే ఆఖరి రిలీజ్ పేరు మొదటి పేజీలో పెట్టాం. ఫలితాల ఫైల్ మొదటి లైన్‌లో ఇప్పుడు వెర్షన్ నంబర్ దానంతటదే పడుతుంది. తీసేసిన పద్ధతి పేరు తిరిగి పెట్టాం, పిలిస్తే ఆగిపోయి దారి చెప్తుంది. వీటన్నిటికీ పట్టింది ఒకటిన్నర రోజు. నవంబర్‌లో ఐదు నిమిషాలు మిగుల్చుకున్నాం కదా.

ఈమధ్య పైథాన్ 3.9 వంతు వచ్చింది. మీటింగ్‌కి ముందే అక్కకి ఫోన్ చేసి చెప్పాను.

“మా ల్యాబ్‌లో ఉన్నది 3.8 రా. నాకెందుకు చెప్తున్నావ్?” అని పెట్టేసింది.