పాయింట్ల కన్నా పలకరింపు మేలు

ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియని మనిషి అడిగిన ప్రశ్నకు మనం ఎందుకు జవాబు చెబుతాం? అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే మనలో చాలామందికి అవసరానికి ఆదుకున్నవి అలా ఎవరో ఉచితంగా చెప్పిన జవాబులే. కాబట్టి ఇది మనం ఆలోచించవలసిన విషయమే.

డబ్బిస్తే ఏమవుతుందో గూగుల్ చేసి చూసింది. 2002లో మొదలైన గూగుల్ ఆన్సర్స్‌లో ప్రశ్నకు 2 నుంచి 200 డాలర్ల దాకా ధర ఉండేది. అందులో ముప్పాతిక వంతు జవాబు చెప్పినవారిది. 2006 చివర్లో ఆ దుకాణం కట్టేశారు. రాసేవారికి పైసా ఇవ్వకుండా 2001లో మొదలైన వికీపీడియా మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

అలాగని బహుమానమే వద్దని నేను అనను. 2008లో వచ్చిన స్టాక్ ఓవర్‌ఫ్లో పాయింట్లతోనే పెరిగింది. అయితే అక్కడ పాయింట్లు పెరిగేకొద్దీ ఇతరుల రాతలు దిద్దే, పనికిరాని ప్రశ్నలు మూసే అధికారం వస్తుంది. అంటే గౌరవంతో పాటు బాధ్యత. కిటుకంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

పాయింట్లే పరమార్థమైతే కథ అడ్డం తిరుగుతుంది. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఎక్కువ జవాబులు రాసినవారికి గిఫ్ట్ కార్డులు పెట్టారు. నెల తిరక్కుండానే స్నేహితులు ఒకరినొకరు ప్రశ్నలడుగుకుని జవాబులు రాసుకోవడం మొదలైంది. చాట్‌జీపీటీ రాసిన జవాబులు వరదలా వచ్చి పడుతుంటే 2022 డిసెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా వాటిని నిషేధించక తప్పలేదు.

తెలుగు విషయానికి వద్దాం. లిపి మార్పిడి కోసం 'పద్మ'ను తయారుచేసిన వెన్న నాగార్జున గారి చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టింది. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ప్రొఫెసరుగా పనిచేసిన వేమూరి వేంకటేశ్వరరావు గారు అందులో శాస్త్ర విషయాలు తెలుగులో రాశారు. వీరికి ఎవరూ కూలి ఇవ్వలేదు. 2009-11 ప్రాంతంలో గూగుల్ డబ్బిచ్చి ఇంగ్లీషు వ్యాసాలను మన భాషల్లోకి అనువాదం చేయించింది. వ్యాసాల సంఖ్య పెరిగింది గానీ, కృతకమైన ఆ తెలుగును దిద్దే బరువు జీతం లేని వాలంటీర్ల నెత్తిన పడింది. బెంగాలీ వికీ వాళ్ళయితే అటువంటి వ్యాసాలు మాకొద్దన్నారు.

ఇక మన సంఘాల సంగతి. మహాసభల్లో దాతలకు, సినిమావాళ్ళకు శాలువాలు కప్పుతాం, మెమెంటోలు ఇస్తాం. అర్ధరాత్రి దాకా కూర్చుని మధుమేహం గురించో, మన ఊరి చెరువు గురించో తెలుగులో రాసేవారిని వేదిక ఎక్కించడం అరుదు. ఎక్కించమంటే "వంద వ్యాసాలకు వెయ్యి డాలర్లు" అని పోటీ పెడతారేమోనని నాకు భయం. అలా చేస్తే చెత్త వ్యాసాలు వందొస్తాయి.

చేయవలసింది వేరు. మన డాక్టర్లు వైద్య వ్యాసాలు చదివి తప్పులు దిద్దాలి. ఇంజనీర్లు తమ రంగంలోని మాటలకు తెలుగు సూచించాలి. బహుమతి ఇవ్వాలనుకుంటే లెక్క చూసి కాదు, చదివి ఇవ్వండి. రాసినవారికి రెండు వాక్యాల ఉత్తరం రాయండి, "మీ వ్యాసం మా అమ్మకు చదివి వినిపించాను" అని. యంత్రాలు కూడా ఇంటర్నెట్‌లో ఉన్న తెలుగును చూసే తెలుగు నేర్చుకుంటున్న రోజులివి. రేపు మన పిల్లలకు అవి ఎలాంటి తెలుగులో జవాబిస్తాయన్నది, ఈరోజు రాసేవారిని మనం ఎలా చూసుకుంటామన్న దానిమీదే ఆధారపడి ఉంది.