ప్లేట్ల అంగడికి మనము చేసిన అపకారము

మన పిల్లలకు తెలుగు రాదని ప్రతి యుగాది సభలోను మనము దుఃఖించుచున్నాము. ఆ దుఃఖము నిజమైనదే. కాని ఒక తెలుగు బడి మన చేతులతోనే మూతపడినదను సంగతిని ఏ వక్తయు నెత్తడు. ఆ బడికి గుర్తింపు లేదు, ఉపాధ్యాయుడు లేడు. అది బళ్లారి బజారులో నొక గ్రామఫోను ప్లేట్ల అంగడి.

1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, బళ్లారి మైసూరునకును పోయినవి. ఆ తగవులో ఇరుగుపొరుగువారు సైతము మొగములు చాటుచేసికొనిన దినములు మేమెరుగుదుము. మాలో పలువురము కన్నడ బడులలో చదివినవారము. తెలుగక్షరములు కూడబలుకుకొనుటయే మా పాండిత్యము. సాయంకాలము బడి విడువగానే మేము చేరినది ఆ అంగడి మెట్ల మీదికే.

బేరమునకు వచ్చినవానికి అంగడివాడు ప్లేటు వినిపింపక తప్పదు. అది వీధికంతకు వినబడక తప్పదు. మా సంగీతసభకు ఇదియే పెట్టుబడి. లక్కతో చేసిన నల్లని ప్లేటు, నిమిషమునకు 78 చుట్లు, ప్రక్కకు మూడు మూడున్నర నిమిషములు. ప్రక్క తిప్పినపుడెల్ల సూది మార్చవలెను. అరిగిన సూది ప్లేటును గీరునని అతడు మమ్ము పెట్టె తాకనిచ్చెడివాడు కాడు. అయినను బతిమాలగా మరల కీ యిచ్చెడివాడు. 'మల్లీశ్వరి' పాటలలోని కృష్ణశాస్త్రిగారి మాటలు మాకు పుస్తకమున కనబడలేదు, చెవిని బడినవి. కరుణశ్రీగారి 'పుష్పవిలాపము'ను ఘంటసాలగారి కంఠమున విని, ఒక పదమున నున్నది లకారమో ళకారమో యని పందెములు వేసికొని, ప్లేటు తిరిగి వేయించి తీర్పు పొందితిమి. ఏ పండితుడు మాకంత శ్రద్ధగా ఉచ్చారణ నేర్పెను?

ఆ మెట్లపై కన్నడ కుర్రవాండ్రును కూర్చుండిరి. వారి వంతు వచ్చినపుడు కాళింగరావుగారి భావగీతములు. మేము వినక తప్పదు. మా వంతున వారును అంతే. 1954లో 'బేడర కణ్ణప్ప' కన్నడమున వచ్చినది, ఆ కథయే తెలుగున 'శ్రీ కాళహస్తీశ్వర మాహాత్మ్యము'గా వచ్చినది; రెంటను నాయకుడు రాజకుమారుగారే. అటుపిమ్మట ఆయనకు పాటల గొంతుగా కన్నడదేశమంతట మ్రోగిన పి.బి. శ్రీనివాసుగారు కాకినాడలో పుట్టినవారు. బళ్లారి ఎవరిదను తగవు ఆ మెట్ల మీద ఎట్లు నిలుచును?

ఒక మాట ఒప్పుకొనవలెను. ఆడపిల్లలు ఆ మెట్టెక్కుట నాడు లేదు. తమ్ముల చేతికి చీటీ వ్రాసి పంపి, లీలగారి పాటయో సుశీలగారి పాటయో వేయించుకొని, వీధి చివర నిలిచి వినెడివారు. అది మా సభకు గల లోపము, చిన్న లోపము కాదు.

పెద్దలేమనిరి? సినిమా పాటలతో చెడిపోవు సోమరుల అడ్డ యనిరి. మెట్లపై నెవరును కూర్చుండరాదని అంగడివానికి కట్టడి చేసిరి. మేమును పెద్దలమైన పిదప ఆ మాటనే మా బిడ్డలకు చెప్పితిమి. క్యాసెట్లు వచ్చిన తరువాత ఎవరింట వారు వినసాగిరి; అంగడి మూతపడినది; ప్లేట్లలో కొన్ని పాతసామానులవానికి పోయినవి, కొన్ని మన అటకలపై చేరినవి. మనలో నొక్కరును అయ్యో యనలేదు.

నేడు పాటలన్నియు సెల్‌ఫోనులో నున్నవి కదా యందురు. ఉన్నవి. మెట్లు మాత్రము లేవు. చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొనినవాడు తనకు నచ్చినదే వినును. ప్రక్కవాని వంతు ముగియువరకు ఓర్చుకొని కూర్చుండవలసిన పని వానికి లేదు. పదము తప్పు పలికితివని గేలిచేయువాడును లేడు. ఇక పద్యపఠన పోటీ పెట్టి, కంఠస్థము చేసిన నాలుగు పద్యములకు స్టీలు గిన్నె బహుమతి యిచ్చి, భాషను రక్షించితిమని మనము చప్పట్లు కొట్టుచున్నాము!

సంఘభవనముల హాళ్లు పెండ్లిండ్లకు అద్దెకిచ్చుచున్నాము. వారమున కొక సాయంకాలము ఆ తలుపులు ఊరకే తెరువుడు. అటకలపై మిగిలిన ప్లేట్లు దింపి తెండు, ఒక పెట్టె యుంచుడు. పిల్లలు తమకు నచ్చిన పాటలును తెచ్చి వేయుదురు గాక; కన్నడ పిల్లలు వచ్చినచో వారికిని వంతు ఈయవలెను. ఉపన్యాసము వలదు, అధ్యక్షుడు వలదు. అద్దె నష్టమగునని కార్యవర్గమువారు చెప్పుదురని మాకు తెలియును. ఆ నష్టమెన్ని రూపాయలో రాబోవు సర్వసభ్య సమావేశమున లెక్కవేసి చూపుడని మేమడుగుచున్నాము.