ఖాళీ కుర్చీలు

2018 జూన్‌లో ముంబయిలో ఇండియా, కెన్యా, న్యూజీలాండ్, చైనీస్ తైపీ జట్ల మధ్య చిన్న ఫుట్‌బాల్ పోటీ జరిగింది. మొదటి ఆటలో మనవాళ్లు చైనీస్ తైపీపై 5-0తో గెలిచారు. కెప్టెన్ సునీల్ ఛెత్రీ 3 గోల్స్ కొట్టాడు. చూడవచ్చినవారు 2,569 మందే! తిట్టడానికైనా సరే, స్టేడియానికి రండని అతడు వీడియోలో ప్రజలను వేడుకున్నాడు.

జూన్ 4న కెన్యాతో అతని 100వ ఆట. జోరున వాన. అయినా స్టేడియం నిండిపోయింది! మన జట్టు 3-0తో నెగ్గింది. 10న ఫైనల్లోనూ కెన్యాను 2-0తో ఓడించి కప్పు అందుకుంది.

గమనించారా? గెలిచినవాడు కూడా మనుషుల కోసం ఎదురుచూశాడు. మన బడిపిల్లల ఆటలకు మనలో ఎందరం వెళ్తున్నాం? బహుమతి తెచ్చాక మెచ్చుకోవడం సులువే. ఈసారి ముందే వెళ్లి కూర్చుందాం.