బాక్సు ఖాళీగా రావాలంటే...

పొద్దున్నే ఐదున్నరకు కుక్కరు కూత. ఆరున్నరకు పోపు ఘుమఘుమ. ఏడింటికల్లా బాక్సు సర్దేయాలి, ఏడుంబావుకు స్కూలు బస్సు. ఇంత హడావుడి పడి కట్టిన అన్నం సాయంత్రం మూత తీసి చూస్తే కట్టింది కట్టినట్టే ఉంటుంది. 'ఎందుకు తినలేదురా' అంటే 'ఆకలేయలేదు' అన్నదొక్కటే సమాధానం. సంచీ అడుగున మాత్రం ఖాళీ చిప్స్ ప్యాకెట్టు!

అమ్మకిది విసుగు. పిల్లాడికి నష్టం. పొద్దున అరగ్లాసు పాలతో వెళ్లిన పిల్లలు మధ్యాహ్నం కూడా సరిగ్గా తినకపోతే సాయంత్రం నాలుగింటిదాకా దాదాపు ఖాళీ కడుపే. ఇక పాఠం ఏం తలకెక్కుతుంది? 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో అది 70, ఆంధ్రప్రదేశ్‌లో 63. బడిలో అడుగుపెట్టే నాటికే ఇంత లోటు ఉంటే, ఆ తర్వాత తినే ప్రతి ముద్దా లెక్కలోకొస్తుంది.

తప్పు కూరది కాకపోవచ్చు

బాక్సు తిరిగొచ్చిందంటే వంట నచ్చలేదనే అనుకుంటారు చాలామంది. అసలు సంగతి వేరే ఉండొచ్చు. ఎల్‌కేజీ పిల్లల చేతులకు బిగుతు మూత రాదు. ఆయా వచ్చి తీసేలోపు బెల్లు కొడతారు. ఇంకొందరికి ఆట మీద ధ్యాస. ఉన్న అరగంటలోనే చేతులు కడుక్కోవాలి, కబుర్లు చెప్పుకోవాలి, ఆడుకోవాలి. కొందరికి పదిన్నర విరామంలో తిన్న క్రీము బిస్కెట్లతోనే ఆకలి చచ్చిపోతుంది. మరికొందరికి పక్కవాళ్లు 'ఏంటీ వాసన' అన్నారని చిన్నతనం.

అందుకే ముందు కోప్పడకుండా అడగాలి. 'బాక్సు ఎవరు తీస్తారు? పక్కన ఎవరు కూర్చుంటారు? వాళ్లేం తెచ్చుకుంటారు?' అని కబుర్లలో పెడితే పిల్లలే చెప్పేస్తారు. మూత సులువుగా వచ్చే బాక్సు కొనడం, అన్నం ఓ గుప్పెడు తగ్గించి పెట్టడం... ఒక్కోసారి మందు ఇంత తేలిక!

ఐదు గంటలు ఆగే వంట

ఏడింటికి కట్టింది పన్నెండున్నరకు తినాలి. పొయ్యి మీద రుచిగా ఉన్నదల్లా అప్పటికీ రుచిగా ఉండదు. దోసె సాగుతుంది, పూరీ మెత్తబడుతుంది, కొబ్బరి పచ్చడి వేసవిలో పాడవుతుంది. ఇడ్లీ అలా కాదు. నెయ్యి, కారప్పొడి అద్ది పెడితే మధ్యాహ్నానికీ మెత్తగానే ఉంటుంది. పులిహోరను ప్రయాణాలకు కట్టుకెళ్లేది ఊరికే కాదు. చింతపండు పులుపు అన్నాన్ని త్వరగా చెడిపోనివ్వదు.

పెరుగన్నం పులుస్తోందా? మెత్తగా ఉడికిన అన్నం గోరువెచ్చగా ఉండగానే కాచిన పాలు పోసి, చెంచాడు పెరుగు కలపండి. మధ్యాహ్నానికి బాక్సులోనే కమ్మగా తోడుకుంటుంది. నాలుగు దానిమ్మ గింజలు చల్లితే చూడ్డానికీ ముచ్చటే. చపాతీ పిండిలో గోరువెచ్చని పాలు పోసి కలిపితే గట్టిపడదు. ఏది పెట్టినా ఆవిరి కాస్త తగ్గాకే మూత పెట్టాలి. లేదంటే నీరు పట్టి జావలా అవుతుంది.

ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి. పాలకూర పప్పు పెట్టిన రోజు నాలుగు చుక్కల నిమ్మరసమో, పక్కన రెండు జామ ముక్కలో చేర్చాలి. భోజనంతో పాటు టీ, కాఫీ ఇస్తే ఆ కాస్త ఇనుమూ సరిగ్గా ఒంటపట్టదు.

ఒక్కసారి వద్దంటే వద్దని కాదు

'మావాడు బెండకాయ ముట్టడు' అని నాలుగేళ్లకే ముద్ర వేసేస్తే వాడు నలభై ఏళ్లకూ ముట్టడు. కొత్త రుచి అలవాటు కావడానికి కొందరు పిల్లలకు పది, పదిహేనుసార్లయినా పడుతుంది. ప్రతిసారీ చెంచాడు చాలు, అదీ నచ్చిన వంట పక్కన. బతిమాలడాలు, బెదిరింపులు వద్దు. 'కాకరకాయ తింటే చాక్లెట్ ఇస్తా' అంటే పిల్లలకు తెలిసేది ఒక్కటే... కాకరకాయ శిక్ష, చాక్లెట్ బహుమతి అని!

అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ దీనికో సూత్రం చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల వంతు. తినాలా, ఎంత తినాలి అన్నది పిల్లల వంతు. టీవీ ముందు, ఫోను చూపిస్తూ కుక్కే ముద్దలో ఆ రెండో వంతే ఉండదు. ఇంట్లో పూటకో ముద్ద తేలిగ్గా తినే పిల్లలు బడిలోనూ తింటారు. ఇక నాన్న పళ్లెంలో లేని కూర పిల్లల పళ్లెంలో నిలవదని వేరే చెప్పాలా?

గేటు బయట

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడి ఆవరణలో, గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదు. ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చెప్పే బోర్డులు పెట్టాలని సీబీఎస్‌ఈ 2025లో తన పాఠశాలలకు సూచించింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాల్లోనూ ఇలాంటి తిండి తగ్గించమనే చెప్పింది. కానీ యాభై మీటర్లు దాటితే మళ్లీ కొట్టే. కాబట్టి సాయంత్రం ఇంటికి రాగానే చేతికందేలా ఏదో ఒకటి ఉండాలి. ఉడికించిన వేరుశనగకాయలు, బొబ్బర్ల గుగ్గిళ్లు, సున్నుండ, నువ్వులుండ, రాగి అట్టు... ఏదైనా సరే.

ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం అందరికీ ఒకటే. పంక్తిలో పక్కవాడు తింటుంటే వీడూ తింటాడు. ప్రైవేటు బడిలో ఆ వీలు లేదు గానీ, కలిసి కూర్చునే నలుగురు పిల్లల తల్లులు మాట్లాడుకుని వారానికో రోజు ఒకే వంట కట్టొచ్చు. ఆ రోజు వాసన గురించి ఎవరూ ఎవర్నీ అనరు!

ఈ రోజు ఆదివారమే. పిల్లల్ని వెంటబెట్టుకుని రైతు బజారుకు వెళ్లండి. ఒక కూర వాళ్లనే ఏరమనండి. చిక్కుళ్లు ఒలిచే పనీ, కరివేపాకు దూసే పనీ వాళ్లకే అప్పగించండి. వారం మెనూ వాళ్ల దస్తూరీతోనే రాయించి ఫ్రిజ్‌కు అంటించండి. అందులో ఒక రోజు నూడుల్స్ ఉన్నా ఫరవాలేదు. మిగతా ఐదు రోజులూ వాళ్లు రాసుకున్నవే కదా, కాదనడానికి కాస్త మొహమాటపడతారు.